కథంతా చెబుతాడు, థీమ్ మాత్రం చెప్పలేడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లలకు కథలోని థీమ్‌ను, అంటే జరిగినదాన్నిబట్టి మనుషుల గురించి కథ చెప్పే మాటను, పట్టుకోవడం ఎలా నేర్పాలని తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ రాసిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. మొదటి జవాబులో ఒక చిన్న కథ ఉంది. తర్వాతి జవాబుల్లో కూడా ఆ కథ ప్రస్తావన వస్తుంది కాబట్టి దాన్ని ముందు చదవండి.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. కథల పుస్తకాలు ఇష్టంగా చదువుతాడు. "ఈ కథ థీమ్ ఏమిటి?" అని అడిగితే మాత్రం మొదటి నుంచి చివరి దాకా కథంతా అప్పజెబుతాడు. ఆపి మళ్లీ అడిగితే ఇంకాస్త వివరంగా చెబుతాడు. ఎలా నేర్పాలి?

జవాబు: "కథ దేని గురించి?" అంటే జరిగింది చెప్పడం ఆ వయసులో సహజం. జరిగినదొకటి, దాన్నిబట్టి మనుషుల గురించి మనకు అర్థమయ్యేది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరం పెద్దవాళ్లకు ఒక్క అడుగులా అనిపిస్తుంది గానీ పిల్లలకు చాలా ఎక్కువ. దాన్ని చిన్న ప్రశ్నలుగా విడగొట్టి ఇవ్వాలి. మొదటి రెండు మూడు వారాలు థీమ్ అన్న మాటే ఎత్తకండి.

కథ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఒక పేజీకి మించకూడదు, పాత్రలు రెండు మూడు చాలు. మొదట్లో ఒకలా ఉండి చివరికి మరోలా అయ్యే పాత్ర ఒకటి తప్పనిసరిగా ఉండాలి. సాహస కథల్లో వీరుడు మొదట్లోనూ వీరుడే, చివర్లోనూ వీరుడే. అలాంటి కథతో మొదలుపెడితే పిల్లవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, మళ్లీ సంఘటనల్లోకే వెళ్తాడు. ఇంట్లో సరైన కథ లేకపోతే దీన్ని వాడుకోండి:

"వంశీకి నీలం రంగు పెన్సిల్ లేదు. పక్కన కూర్చునే కిరణ్ తనది ఇచ్చాడు. గట్టిగా నొక్కేసరికి అది రెండు ముక్కలైంది. వంశీ ఆ ముక్కల్ని జేబులో వేసుకుని, 'నీ పెన్సిల్ ఎక్కడో పడిపోయినట్టుంది' అన్నాడు. 'పోనీలే, దొరుకుతుంది' అంటూ కిరణ్ తన ఆకుపచ్చ పెన్సిల్ కూడా ఇచ్చాడు. వంశీ జేబు తడుముకున్నాడు. మర్నాడు కిరణ్ తన కొత్త రబ్బరు వాడుకోమన్నాడు. వంశీ చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లింది. ఆటల పీరియడ్‌లో అందరూ పరుగెడుతుంటే, వంశీ జేబు మీద చెయ్యి పెట్టుకుని గోడ పక్కన నిలబడిపోయాడు. సాయంత్రం గేటు దగ్గర కిరణ్‌ను ఆపి, రెండు ముక్కలూ అరచేతిలో పెట్టి చూపించాడు. కిరణ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక ముక్క తీసుకుని, 'రెండోది నువ్వుంచుకో, రెండింటికీ మొన చెక్కుకోవచ్చు' అన్నాడు."

ముందు కథను ఐదు చిన్న వాక్యాల్లో చెప్పించండి. ఎవరు? ఏం కావాలనుకున్నాడు? ఏది అడ్డొచ్చింది? అప్పుడేం చేశాడు? చివరికి ఏమైంది? ఒక్కో ప్రశ్నకు ఒక్క వాక్యం మాత్రమే. మీ బాబుకు కథ చెప్పాలన్న తపన ఎక్కువ. దాన్ని అణచకుండా, కొలత పెట్టి తీర్చడమే ఈ ఐదు వాక్యాల ఉపయోగం. ఇది పూర్తయితే "ఇక జరిగింది చెప్పేశావు" అనగలుగుతారు.

తర్వాత మార్పు గురించి అడగండి. "వంశీ మొదట్లో ఎలా ఉన్నాడు, చివరికి ఎలా ఉన్నాడు? ఎక్కడ మారాడు? ఆ వాక్యం మీద వేలు పెట్టు." వేలు పెట్టించడం మరిచిపోకండి. లేకపోతే "మధ్యలో ఎక్కడో" అనేసి తప్పుకుంటారు. ఈ కథలో చాలామంది పిల్లలు గేటు దగ్గరి వాక్యాన్ని చూపిస్తారు. "అంతకు ముందే మారడం మొదలైందా?" అని ఇంకో ప్రశ్న వేస్తే, ఆడకుండా గోడ పక్కన నిలబడ్డ చోటు దొరుకుతుంది.

మూడోది, మళ్లీ మళ్లీ వచ్చినదాన్ని వెతకడం. ఇక్కడ జేబు నాలుగుసార్లు వస్తుంది. పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టమనండి. ఆ తర్వాత "జేబు వచ్చిన ప్రతిసారీ దానికి ముందు వాక్యంలో ఏం జరిగింది?" అని అడగండి. రెండుసార్లు అంతకు ముందే కిరణ్ ఏదో మంచి పని చేసి ఉంటాడు. ఈ సంగతి పిల్లవాడే కనిపెట్టాలి. మీరు చెప్పేస్తే ఈ అభ్యాసంలో ఇక మిగిలేదేమీ ఉండదు.

ఇప్పుడు కథలోని అంశాలను ఒక్కో మాటలో చెప్పించండి. భయం, నిజాయితీ, స్నేహం, తప్పు... నాలుగైదు వస్తాయి. వాటిలో ఒకటి అతన్నే ఎంచుకోనిచ్చి, "దాని గురించి ఈ కథ ఏమంటోంది? పాత్రల పేర్లు రాకుండా చెప్పు" అనండి. మొదట "వంశీ నిజం చెప్పాలి" అంటాడు. పేరు తీసేయమంటే "తప్పు చేస్తే నిజం చెప్పాలి" అవుతుంది. అక్కడ ఆగిపోకండి, ఆ వాక్యం వంద కథలకు సరిపోతుంది. "జేబు సంగతి ఏమైంది మరి?" అని గుర్తు చేయండి. అప్పుడు "తప్పు దాచుకున్నవాడికి ఎదుటివాళ్ల మంచితనం కూడా బరువుగా ఉంటుంది" లాంటి వాక్యం దగ్గరికి తన మాటల్లోనే వస్తాడు. మాటలు ఇంత నున్నగా లేకపోయినా పర్వాలేదు. "వాడు మంచిగా ఉంటే వీడికి ఇంకా బాధేసింది" అన్నా అది థీమే.

చివర్లో ఆ వాక్యానికి కథలోంచి రెండు ఆధారాలు చూపించాలి. మొత్తానికి 25 నిమిషాలు పడుతుంది. నాలుగో తరగతి పిల్లలకు మొదటి మూడు మెట్లు ఒక రోజు, మిగతావి మర్నాడు పెట్టుకుంటే మంచిది.

ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు తొందర. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు దాదాపు ఒక్క సెకను మాత్రమే ఆగుతారనీ, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, కారణాలతో వస్తాయనీ 1970ల్లో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలు చూపించాయి. తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. థీమ్ లాంటి ప్రశ్నకైతే మనసులో పది లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: ఐదో తరగతికి పాఠం చెబుతాను. థీమ్ రాయమంటే పిల్లలు "స్నేహం", "ధైర్యం" అని ఒక్క మాట రాసి పెన్ను కింద పెట్టేస్తారు. వాక్యం రాయమంటే "స్నేహం గొప్పది" అని రాస్తారు.

జవాబు: ఒక్క మాట రాసినవాళ్లు అంశం దగ్గర ఆగారు. "గొప్పది" అని రాసినవాళ్లు ఇంకో అరడుగు వేశారు, అంతే. ఒక నెలపాటు థీమ్ వాక్యాల్లో గొప్పది, ముఖ్యం, మంచిది, అవసరం అనే నాలుగు మాటలు వాడకూడదని తరగతిలో నియమం పెట్టండి. ఆ ఊతకర్రలు పోతే పిల్లలు కథలోకి తిరిగి వెళ్లక తప్పదు.

వాక్యం కట్టడానికి మొదట్లో ఒక చట్రం ఇవ్వండి: "మనుషులు ______ చేసినప్పుడు ______ జరుగుతుంది, ఎందుకంటే ______." 'ఎందుకంటే' తర్వాతి ఖాళీయే అసలైనది. పిల్లలు ముందు రెండు ఖాళీలూ తేలిగ్గా నింపి మూడోదాని దగ్గర ఆగుతారు. అక్కడ ఆగినప్పుడే కథను మళ్లీ తెరుస్తారు. ఎనిమిది పది కథల తర్వాత ఈ చట్రాన్ని తీసేయాలి. ఉంచేస్తే అందరి వాక్యాలూ ఒకే అచ్చులో వస్తాయి, ఆలోచించడం మానేసి ఖాళీలు నింపుతారు.

దీనికన్నా బలమైన అభ్యాసం ఇంకొకటుంది. ఒకే అంశం మీద, వేరు వేరు మాటలు చెప్పే రెండు కథలు పక్కపక్కన పెట్టండి. ఒక కథలో స్నేహితుడి రహస్యాన్ని కాపాడినందువల్ల స్నేహం నిలుస్తుంది. ఇంకో కథలో రహస్యాన్ని కాపాడబోయి స్నేహితుణ్ని ప్రమాదంలో పడేస్తారు. రెండింటికీ "స్నేహం" అని రాసిన పిల్లలను "మరైతే రెండూ ఒకటే చెబుతున్నాయా?" అని అడగండి. అంశానికీ థీమ్‌కీ తేడా ఏమిటో నిర్వచనాలతో వారం రోజులు చెప్పినా ఎక్కనిది, ఈ ఒక్క ప్రశ్నతో తలకెక్కుతుంది. కథలు దొరక్కపోతే పది పది వాక్యాల్లో మీరే రాసుకోండి. ఈ పనికి సాహిత్య విలువ కన్నా స్పష్టత ముఖ్యం.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఏ కథ చదివినా "అబద్ధం ఆడకూడదు", "పెద్దల మాట వినాలి" అంటుంది. నీతీ థీమూ ఒకటేనా?

జవాబు: ఒకటి కావు. నీతి ఏం చేయాలో చెబుతుంది. థీమ్ మనుషులు ఎలా ఉంటారో, ఏది చేస్తే ఏమవుతుందో చూపిస్తుంది. గుర్తుపట్టడానికి పాపకు ఒక తేలిక ఉపాయం చెప్పండి. వాక్యం చివర "ఆలి" గానీ "కూడదు" గానీ ఉంటే అది చాలావరకు నీతి. అదే వాక్యాన్ని ఆ రెండూ లేకుండా తిరగరాయమనండి. "అబద్ధం ఆడకూడదు" అన్నది "ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో నాలుగు అవసరమవుతాయి" అని మారితే థీమ్‌కు దగ్గరపడినట్టే.

నీతికథలు ఈ అలవాటును పెంచుతాయి, ఎందుకంటే చివరి వాక్యంలో జవాబు అచ్చై ఉంటుంది. వాటిని మానేయనక్కర్లేదు. ఆ చివరి వాక్యం మీద కాగితం అంటించి చదివించండి. పాప తన వాక్యం రాశాక కాగితం తీసి రెండూ పోల్చి చూడనివ్వండి. కుందేలూ తాబేలూ పందెం కథనే తీసుకుంటే, తాబేలు వైపు నుంచి చూస్తే పట్టుదల, కుందేలు వైపు నుంచి చూస్తే అతివిశ్వాసం కనిపిస్తుంది. అచ్చైన నీతి ఆ రెండింట్లో ఒకటే చెబుతుంది. రెండోది తనకు దొరికిందని పాపకు తెలిసిన రోజు, అచ్చులో ఉన్నదే ఆఖరి మాట అన్న నమ్మకం సడలుతుంది.

నీతి అతకని కథలు కూడా చదివించండి. మంచివాడు ఓడిపోయే కథ, ఎవరి తప్పూ లేకుండా ఇద్దరు విడిపోయే కథ, ముగింపులో ఏదీ తేలని కథ. అలాంటి చోట "ఆలి", "కూడదు" పనిచేయవు. విషాదాంత కథలు పిల్లలకు వద్దని కొందరు పెద్దలు దాచేస్తారు. వయసుకు తగినవి ఎంచుకుంటే తొమ్మిదేళ్ల పిల్లలు వాటిని చక్కగా తట్టుకుంటారు, సూటిగా మాట్లాడతారు కూడా.

ప్రశ్న: ఐదేళ్ల పాపకు ఇప్పటి నుంచే థీమ్ నేర్పవచ్చా?

జవాబు: పేరు పెట్టి నేర్పకండి, పునాది వేయండి. బొమ్మల కథ చదివాక "ఎందుకలా చేసింది?", "ముందు ఎలా అనిపించింది, ఇప్పుడెలా అనిపిస్తోంది?" అనే రెండు ప్రశ్నలు చాలు, అవీ ప్రతి కథకూ కాదు. పాప అదే కథ మళ్లీ చదవమంటే విసుక్కోకండి. మొదటిసారి ధ్యాసంతా "తర్వాత ఏమవుతుంది" మీదే ఉంటుంది. మూడోసారో నాలుగోసారో చదివేటప్పుడు పాత్రల ముఖాల వైపు, కారణాల వైపు చూపు మళ్లుతుంది.

ప్రశ్న: తరగతిలో నలభై మంది. ఒక్కొక్కరితో కూర్చునే వీలు లేదు. ఎప్పుడూ అదే నలుగురు చెయ్యెత్తుతారు. ఎలా చేయాలి?

జవాబు: చర్చకు ముందు రెండు నిమిషాలు నిశ్శబ్దంగా రాయించండి. ఒక్క వాక్యం చాలు. తర్వాత పక్కవాళ్లతో మూడు నిమిషాలు మాట్లాడనిచ్చి, ఆపైన మీరే పేర్లు పిలవండి, చేతులెత్తించకండి. ముందే రాసి ఉంటారు కాబట్టి బిడియస్తులు కూడా చదివి వినిపించగలుగుతారు.

అందరూ ఒకేసారి చేయగలిగినది వాక్యాలను వేరుచేసే అభ్యాసం. ఒకే కథకు నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి, ఏది ఏమిటో తేల్చమనండి. పైన ఇచ్చిన పెన్సిల్ కథకు ఇలా ఉంటాయి:

1. నిజాయితీ.
2. ఒక అబ్బాయి స్నేహితుడి పెన్సిల్ విరగ్గొట్టి, దాచి, చివరికి ఒప్పుకున్నాడు.
3. ఇతరుల వస్తువులు పాడుచేయకూడదు.
4. దాచిన తప్పు, దాచినవాడినే ఒంటరిని చేస్తుంది.

మొదటిది అంశం, రెండోది సారాంశం, మూడోది నీతి, నాలుగోది థీమ్. రెండో వాక్యం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పేర్లు లేవు కాబట్టి అదే థీమ్ అనుకుంటారు. పేర్లు తీసేసినంత మాత్రాన సారాంశం థీమ్ కాదని చెప్పడానికి అదే సరైన సమయం. నాలుగైదు కథలకు ఇలా చేశాక, తప్పుడు వాక్యాలు తయారు చేసే పని పిల్లలకే అప్పగించండి. సరైనది గుర్తించడం కన్నా, నమ్మించేలా ఉండే తప్పు తయారు చేయడం కష్టం. అది చేయగలిగినవాళ్లకు తేడా బాగా అర్థమైనట్టే.

కథల ఎంపికలో ఒక జాగ్రత్త. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో పరిశోధకురాలు జోవానా విలియమ్స్ బృందం రెండు, మూడు తరగతుల పిల్లలకు థీమ్ నేర్పే పాఠాల వరుసను తయారు చేసి పరీక్షించింది. ప్రధాన పాత్ర ఎవరు, సమస్య ఏమిటి, ఏం చేశారు, ఏమైంది, అది మంచా చెడా, ఎందుకు అన్న ప్రశ్నల వరుసతో నడిచే పాఠాలవి. తరగతిలో నేర్పిన థీమ్‌ను పిల్లలు కొత్త కథల్లో కూడా గుర్తుపట్టారు. అసలు నేర్పని థీమ్ ఎదురైనప్పుడు మాత్రం ఆ నైపుణ్యం అంతగా పనికిరాలేదు. అందుకే ఒక నెలంతా పట్టుదల కథలే చెబితే, పిల్లలకు పట్టుదల ఒక్కటే కనిపిస్తుంది. వారానికి రెండు కథల చొప్పున, వరుసగా రెండు కథల్లో ఒకే అంశం రాకుండా చూసుకోండి. పైన చెప్పిన జంట కథల అభ్యాసానికి మాత్రం ఈ నియమం వర్తించదు.

ప్రశ్న: ఒకే కథకు ఇద్దరు పిల్లలు వేరు వేరు థీమ్‌లు రాస్తే మార్కులు ఎలా వేయాలి? "సాహిత్యంలో ఏదైనా సరే" అని వదిలేయవచ్చా?

జవాబు: రెండూ సరైనవి కావచ్చు. ఏదైనా సరే అనడం మాత్రం తప్పు. రాసిన వాక్యానికి కథ మొదట్లో, మధ్యలో, చివర్లో ఆధారం ఉందా అని చూడండి. దాన్ని కాదనే చోటు ఎక్కడైనా ఉందా అని కూడా చూడండి. పెన్సిల్ కథకు "వస్తువుల్ని జాగ్రత్తగా చూసుకోకపోతే స్నేహాలు పోతాయి" అని ఒకరు రాశారనుకోండి. దానికి ఆధారం పెన్సిల్ విరిగిన ఒక్క వాక్యమే. పైగా ముగింపు దాన్ని నేరుగా కాదంటుంది, వస్తువు పోయింది గానీ స్నేహం నిలిచింది. "క్షమించడమంటే జరిగిన నష్టాన్ని ఇద్దరూ పంచుకోవడం" అని ఇంకొకరు రాస్తే, అది కిరణ్ వైపు నుంచి చూసిన వాక్యం. చివరి సంభాషణ దాన్ని మోస్తుంది, "పోనీలే" అన్న మాట కూడా తోడవుతుంది. దానికి పూర్తి మార్కులు వేయండి.

ఐదు మార్కుల ప్రశ్నైతే వాక్యానికి రెండు, ఆధారాలకు రెండు, ఆ ఆధారం ఈ వాక్యాన్ని ఎలా నిలబెడుతుందో వివరించినందుకు ఒకటి. మీ దగ్గరున్న నమూనా జవాబుతో కలవలేదని మార్కులు తగ్గిస్తే, వచ్చేసారి నుంచి పిల్లలు కథ చదవడం మానేసి మీ మనసులో ఏముందో ఊహించడం మొదలుపెడతారు. ఇది ఎంతో మంచి పాఠకులను మొదట్లోనే చంపేస్తుంది.

ప్రశ్న: కవితలో పాత్రలు ఉండవు, సంఘటనలు ఉండవు. అక్కడ ఏం వెతకమనాలి?

జవాబు: మలుపును. పైకి రెండుసార్లు చదివించి, మొదటి రెండు పాదాలనూ చివరి రెండు పాదాలనూ పక్కపక్కన రాయించండి. గొంతు ఎక్కడ మారింది, ఏ మాట తిరిగి వచ్చింది, శీర్షిక ఇప్పుడు కొత్తగా ఏమైనా చెబుతోందా అని అడగండి. "ఇది వాన గురించి" అనేదే ఇక్కడ తరచూ వచ్చే తప్పు. "వాన గురించి మాట్లాడుతూ దేన్ని తలుచుకుంటున్నారు?" అన్న ప్రశ్న దాన్ని కదిలిస్తుంది. జవాబు రాకపోతే ఆ కవితను వదిలేసి వారం తర్వాత మళ్లీ తీయండి. కవితను పిండి థీమ్ తీయడం మాకు ఇష్టం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. చిన్న కథల్లో థీమ్ బాగానే చెబుతుంది. నవల చదివాక మాత్రం అన్నీ కలిసిపోయి ఏమీ తేల్చుకోలేకపోతోంది.

జవాబు: నవలకు ఒకటి కన్నా ఎక్కువ థీమ్‌లు ఉంటాయి, అవి మధ్యలో దిశ మార్చుకుంటాయి. అంతా చదివాక వెతికితే దొరకడం కష్టం. చదువుతుండగానే పట్టుకోవాలి. పుస్తకంలో గుర్తుగా ఒక పొడవాటి కాగితం పెట్టి, దాన్ని మూడు గళ్లు చేయించండి. ఒక గడిలో మళ్లీ మళ్లీ వచ్చే వస్తువు, చోటు లేదా మాట. రెండో గడిలో పాత్ర తన స్వభావానికి విరుద్ధంగా చేసిన పని. మూడో గడిలో పెద్దవాళ్లో స్నేహితులో ప్రధాన పాత్రకు చెప్పిన, ఆ క్షణంలో ఆ పాత్ర పట్టించుకోని మాట. పేజీ నంబరుతో పాటు ఐదారు మాటలు చాలు. ఎక్కువ రాయమంటే రెండో రోజే మానేస్తుంది.

ప్రతి మూడు నాలుగు అధ్యాయాలకు ఒకసారి ఆ కాగితం చూసి, "ఇప్పటిదాకా ఈ నవల ఏమంటోంది?" అన్నదానికి ఒక వాక్యం రాయమనండి. తర్వాతి విడతలో అది నిలవకపోతే కొట్టేసి కింద కొత్తది రాయాలి. పాతదాన్ని చెరిపేయకూడదు. పుస్తకం పూర్తయ్యేసరికి నాలుగైదు వాక్యాలుంటాయి. అవి ఒకే అంశం మీదివైతే, థీమ్ ఎలా పెరిగిందో ఆ వరుసే చెబుతుంది. వేరు వేరు అంశాల మీదివైతే నవలలో రెండు మూడు థీమ్‌లున్నట్టు. వాటిలో చివరి అధ్యాయం దేనికి జవాబిస్తోందో దాన్ని ముందు రాయమనండి, మిగతావాటిని దాని పక్కన చేర్చమనండి. మొదటి ప్రయత్నానికి నూటయాభై పేజీలు దాటని నవల ఎంచుకోండి. ఆమె ఇంతకు ముందు ఒకసారి చదివి ఇష్టపడినదైతే ఇంకా మంచిది.